మా మనవడి బేస్‌బాల్ కోచింగ్: ఎనిమిది నెలలు గట్టు మీద కూర్చుని చూసింది

నేను ముప్పై ఒక్క ఏళ్లు జిల్లా పరిషత్ హైస్కూళ్లలో పీఈటీగా చేసి రిటైరయ్యాను. హిందూపురం, పెనుకొండ వైపు పిల్లలకి నేను డ్రిల్లు సారుని. ఇప్పుడు బెంగళూరులో కూతురి దగ్గర ఉంటున్నాం. పదకొండేళ్ల మనవణ్ణి శని, ఆదివారాలు పొద్దున ఆరున్నరకి, బుధవారం సాయంత్రం ఐదింటికి, వర్తూరు దాటి గుంజూరు వైపున్న బేస్‌బాల్ కోచింగ్‌కి స్కూటర్ మీద తీసుకెళ్లేది నేనే. మిగతా తల్లిదండ్రులు కార్లో ఏసీ వేసుకుని లాప్‌టాప్ తెరుస్తారు. నేను గ్రౌండ్ పక్కనున్న సిమెంటు గట్టు మీద కూర్చుంటాను. రిటైరైన డ్రిల్లు మాస్టరుకి ఇంకొకడి క్లాసు చూడ్డం కంటే కాలక్షేపం ఏముంటుంది? జీతం లేకపోయినా తప్పులు పట్టుకోవచ్చు.

మా అపార్ట్‌మెంట్లో నలుగురైదుగురు "అంకుల్, అక్కడ ఎలా ఉంది, చేర్పించొచ్చా?" అని లిఫ్టులో అడుగుతున్నారు. ఆరో అంతస్తు వచ్చేలోపు చెప్పే సంగతి కాదు కాబట్టి రాస్తున్నాను. గ్రౌండ్ గురించి, ఫీజు గురించి కూడా చెబుతాను గానీ ముఖ్యంగా కోచ్‌ల గురించి. గ్రౌండ్ ఏ స్కూలుదైనా అద్దెకి దొరుకుతుంది. మన పిల్లాడి భుజం ఎవరి చేతిలో పెడుతున్నామో అది చూసుకోవాలి.

ముందు, క్రికెట్ వదిలి ఇక్కడికి ఎందుకొచ్చామంటే, వీడు కింద పార్కింగ్‌లో బంతి విసిరితే రెండో అంతస్తు వాళ్ల బాల్కనీ అద్దం పగిలింది. ఎడమచేత్తో, నిలబడ్డచోటు నుంచి. అద్దం డబ్బులు కట్టి వచ్చిన రాత్రే మా అమ్మాయి వాట్సాప్‌లో వచ్చిన ఈ కోచింగ్ ప్రకటన చూపించింది. మా ఆవిడకి ఇష్టం లేదు. "బిళ్లంగోడు ఆటకి ఫీజు కట్టి పంపిస్తారా?" అంది. తర్వాత ఒకరోజు వీడు బంతి ఇంటికి తెచ్చి దాని మీద ఎర్ర కుట్లు లెక్కపెట్టాడు. జంట కుట్లు 108. "నానమ్మా, అష్టోత్తరం!" అన్నాడు. (నిజానికి ఆవిడ అమ్మమ్మ. మేం వాళ్లింట్లోనే ఉంటాం కాబట్టి ఎవరు ఎవరి తరఫో వాడికి లెక్కలేదు.) ఆ రోజు నుంచి ఆవిడ ఆ బంతిని కాలికి తగలనివ్వదు, బీరువా పైన పెడుతుంది. వంటింటి కాటా మీద తూస్తే 145 గ్రాములు ఉంది. క్రికెట్ బంతి 160 దగ్గర ఉంటుంది కదా, దానికంటే కాస్త తేలిక.

మొదటి రోజు నాకు వీళ్ల మీద మంచి అభిప్రాయం కలగలేదు. మా వాడిది పుర్రచేతి వాటం. బేస్‌బాల్‌లో విసిరే చెయ్యి ఖాళీగా ఉండాలి, గ్లవ్ రెండో చేతికి. అంటే వీడికి గ్లవ్ కుడిచేతికి రావాలి. వాళ్ల సంచీలో ఉన్న పదిహేను గ్లవ్‌లూ ఎడమచేతికి వేసుకునేవే. వీడు బంతి పట్టుకుని, గ్లవ్ ఊడబీకి, చంకలో ఇరికించుకుని, అప్పుడు విసురుతున్నాడు. పక్కనున్న పిల్లలు నవ్వుతున్నారు. నేను గట్టు మీద నుంచి లేవబోయాను. అప్పుడే హెడ్ కోచ్ అటువైపు నుంచి నడుచుకుంటూ వచ్చాడు. గ్లవ్ తీసి పక్కన పారేసి, వీడికి టెన్నిస్ బంతి ఇచ్చి, "ఇవాళ నీకు గ్లవ్ లేదు, రెండు చేతులే" అన్నాడు. అంతటితో ఆగకుండా నవ్విన ముగ్గురి గ్లవ్‌లూ తీయించాడు. ఆ గంటంతా నలుగురూ వట్టి చేతుల్తో టెన్నిస్ బంతులు పట్టారు. తర్వాతి క్లాసుకి ఎక్కణ్ణుంచో కుడిచేతి గ్లవ్ ఒకటి పాతది తెచ్చాడు. దాని తోలు తాడు తెగి ఉంటే నైలాన్ దారంతో కట్టాడు. మేం కొత్తది కొనేదాకా రెండు నెలలు దాంతోనే గడిచింది.

ఈయనకి నలభై అయిదేళ్లు ఉంటాయి. కన్నడిగుడు. నాతో "బన్ని సార్, కూర్చోండి" అని సగం సగం తెలుగు మాట్లాడతాడు. సున్నం గీతలు తనే వేస్తాడు. నాకు ఏ గ్రౌండ్‌కి వెళ్లినా అంగలతో కొలిచే జబ్బు ఉంది. నా అంగ రెండున్నర అడుగులు. పిచర్ (బంతి విసిరేవాడు) నిలబడే చోటు నుంచి హోమ్ ప్లేట్ (కొట్టేవాడి పక్కన నేల మీద ఉండే పలక) దాకా పద్దెనిమిది అంగలు, పైన ఇంకో అడుగు. బేస్‌కీ బేస్‌కీ (పరిగెత్తేవాడు వరసగా తాకాల్సిన గుర్తులు) మధ్య ఇరవై నాలుగు. ఇంటికొచ్చి మనవడితో నెట్‌లో చూపించుకుంటే, ఈ వయసు పిల్లలకి అమెరికాలో లిటిల్ లీగ్ వాళ్లు పెట్టిన కొలతలు అవే: 46 అడుగులు, 60 అడుగులు. పెద్దవాళ్లకయితే 60 అడుగుల 6 అంగుళాలు, బేస్‌ల మధ్య 90 అడుగులు. ఇదేం పెద్ద గొప్పా అనుకోవచ్చు. ఇదే బెంగళూరులో ఏడేళ్ల పిల్లల్ని 22 గజాల క్రికెట్ పిచ్ మీద నిలబెట్టి బౌలింగ్ వేయిస్తుంటే చూశాను. బంతి సగంలో రెండుసార్లు పడి పాక్కుంటూ వెళ్తుంది, ఆ పిల్లాడు భుజం పీక్కుంటూ ఇంకా గట్టిగా విసురుతాడు. కొలత సరిగ్గా పెట్టిన కోచ్ సగం పాఠం చెప్పేసినట్టే.

విజిల్ వాడడు. ముప్పై ఒక్క ఏళ్లు విజిల్ మెళ్లో వేసుకుని తిరిగినవాణ్ణి, నాకు ఇది మొదట్లో లోటుగా అనిపించింది. చెయ్యెత్తి నిలబడతాడు, పిల్లలు ఒకళ్లని చూసి ఒకళ్లు ఆగుతారు. పది సెకన్లు పడుతుంది. నేనైతే రెండు సెకన్లలో ఆపేవాణ్ణి. కానీ నా పిల్లలు విజిల్‌కి ఉలిక్కిపడి ఆగేవాళ్లు, చేస్తున్న పని చెడేది.

మన పిల్లలందరూ క్రికెట్ చేతుల్తోనే వస్తారు. ఆ అలవాట్లు మాన్పించడం ఈయన చేసే పనిలో నాకు బాగా నచ్చింది. క్రికెట్లో కొట్టాక బ్యాటు పట్టుకుని పరిగెత్తుతాం. ఇక్కడ బ్యాటు వదిలేసి పరిగెత్తాలి, కానీ విసిరితే వెనకాల కూర్చుని బంతి పట్టే క్యాచర్ కాళ్లకి తగులుతుంది. ఎంత చెప్పినా మా వాడు మూడు వారాలు బ్యాటుతో సహా పరిగెత్తి, మొదటి బేస్ దగ్గర క్రీజు అనుకుని బ్యాటు ఆనించేవాడు. ఆయన తిట్టలేదు. హోమ్ ప్లేట్ పక్కన ఒక ప్లాస్టిక్ టబ్ పెట్టాడు, మనం బట్టలు నానబెట్టుకునేది. కొట్టాక బ్యాటు అందులో పడితేనే పరుగు లెక్క. రెండు క్లాసుల్లో అలవాటు పోయింది. టబ్ తీసేశాక కూడా వీడు ఆ చోటే చూసి బ్యాటు వదులుతాడు.

మొదటి బేస్ దాటి పరిగెత్తొచ్చు, దాని దగ్గర ఆగక్కర్లేదు. ఇది కూడా క్రికెట్ పిల్లలకి ఎక్కదు, బేస్ ముందే బ్రేకులు వేస్తారు. ఆయన బేస్ అవతల నాలుగైదు గజాల దూరంలో ఒక కోన్ పెట్టి, "నీ బేస్ అదీ" అన్నాడు. నేల మీద దొర్లే బంతి పట్టేటప్పుడు కింద గ్లవ్, పైన ఖాళీ చెయ్యి తెరిచి మూయడాన్ని "మొసలి నోరు" అంటాడు. ఇంట్లో మా వాడు చపాతీ కూడా అలాగే పట్టుకుంటున్నాడు.

ఒకసారి ఆకాశంలోకి లేచిన బంతికి ఇద్దరు పిల్లలు ఎదురెదురుగా పరిగెత్తి గుద్దుకున్నారు. ఒకడు "నందు" అని కన్నడంలో, ఇంకొకడు "మేరా" అని హిందీలో అరుస్తూనే ఉన్నారు, మా వాడు మధ్యలో "నాది నాది" అంటున్నాడు. ముక్కు నుంచి కాస్త రక్తం వచ్చింది, పెద్ద దెబ్బ కాదు. ఐసు పెట్టాక ఆయన పిల్లల్నే కూర్చోబెట్టి ఏ మాట వాడాలో ఓటు వేయించాడు. "నందు" గెలిచింది. బెంగళూరులో ఉంటూ అదే న్యాయం అనుకోండి. ఇప్పుడు మా వాడు ఇంట్లో ఆఖరి గులాబ్ జామ్ మీద కూడా "నందు" అనే అరుస్తాడు.

ఈయనలో నాకు నచ్చనిది ఉపన్యాసం. నెలకోసారి తల్లిదండ్రులని నిలబెట్టి అరగంట తీసుకుంటాడు. 2008లో ఒక టీవీ పోటీలో మొదటి రెండు స్థానాల్లో నిలిచి, అంతకుముందు బేస్‌బాల్ ఎప్పుడూ ఆడకుండానే అమెరికాలో పిట్స్‌బర్గ్ పైరేట్స్ క్లబ్ దాకా వెళ్లిన రింకూ సింగ్ (క్రికెటర్ రింకూ కాదు), దినేశ్ పటేల్ కథ ఇప్పటికి అయిదుసార్లు విన్నాను. ఇద్దరూ జావెలిన్ విసిరినవాళ్లు కావడం వల్ల మొదటిసారి నాకూ ఒళ్లు పులకరించింది. రింకూది మా వాడిలాగే ఎడమచెయ్యి. అయిదోసారికి మాత్రం కాళ్లు నొప్పులు. కానీ ఒకటి ఒప్పుకోవాలి. ఒక తండ్రి "సార్, దీంతో అమెరికా యూనివర్సిటీలో సీటు వస్తుందా?" అని అడిగితే, "ఆ లెక్కతో చేర్పించి ఉంటే ఈ నెలే మాన్పించండి" అని అందరి ముందూ అన్నాడు. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో బేస్‌బాల్ ఉందని చెబుతాడు గానీ, అక్కడికి మీ పిల్లాణ్ణి పంపిస్తానని చెప్పడు.

ఇక పిచింగ్ నేర్పే అబ్బాయి. ఇరవై ఏడు, ఇరవై ఎనిమిదేళ్లు. మొదటి నెలంతా ఇంగ్లీషులోనే మాట్లాడుకున్నాం. ఒకరోజు మా ఆవిడ కట్టిచ్చిన ఓళిగ పెడితే, "మా అమ్మ కూడా ఇట్లే చేస్తాది సార్" అన్నాడు. మదనపల్లి అట. ఆ తర్వాత ఇంగ్లీషు మానేశాం.

ఈ అబ్బాయి కుడిచేతిలో ఎప్పుడూ చిన్న కౌంటర్ ఉంటుంది, బొటనవేలితో టక్కు టక్కుమని నొక్కేది. మా ఆవిడ జపానికి వేలికి తొడుక్కునే కౌంటర్ లాంటిదే. మొదట నిజంగానే భక్తి గల కుర్రాడనుకున్నాను. పిల్లలు వేసే ప్రతి బంతికీ ఒక నొక్కు అని తర్వాత తెలిసింది. ప్రాక్టీసులో కూడా. క్లాసు అయిపోయాక గట్టు మీద నా పక్కనే కూర్చుని పొడుగాటి నోటు పుస్తకంలో ఎక్కిస్తాడు: పేరు, తేదీ, ఎన్ని వేశాడు, ఎప్పటిదాకా వేయకూడదు. ఆ చివరి గడి ఎర్ర పెన్నుతో.

సంక్రాంతి దాటిన ఆదివారం, ఊరికి అవతలి వైపు అకాడమీ పిల్లలతో ఫ్రెండ్లీ మ్యాచ్ జరిగింది. ఆరు ఇన్నింగ్స్. మా వాడే పిచర్. నాలుగో ఇన్నింగ్స్‌లో మాది మూడు పరుగులు, వాళ్లవి రెండు. ఇద్దరు అవుటయ్యారు, రెండో బేస్ మీద ఒకడు ఉన్నాడు. వీడు మంచి ఊపు మీద ఉన్నాడు, బంతి క్యాచర్ గ్లవ్‌లో పడితే చప్పుడు గట్టు దాకా వినిపిస్తోంది. అప్పుడు ఈ కుర్రాడు లేచి వెళ్లి, వీడి చేతిలోంచి బంతి తీసుకుని, ఇంకో అమ్మాయికి ఇచ్చాడు.

నాకు ఒళ్లు మండింది. గట్టు దిగి, సున్నం గీత దాటి లోపలికి వెళ్లిపోయాను.

"ఏమప్పా, బాగా వేస్తాండాడు కదా, తీసేస్తివే?"

"నలభై ఎనిమిది సార్."

"అయితే ఏమి? ఇంకొకడు అవుటయితే అయిపోతాది."

"ఒక బ్యాటర్‌కే ఆరేడు పడొచ్చు సార్. యాభై దాటేస్తాది." కౌంటర్ నా ముఖం ముందు పెట్టి చూపించాడు. తర్వాత మెల్లగా, "సార్, గీత దాటి రావద్దు, పిల్లలు చూస్తాండారు" అన్నాడు.

ముప్పై ఒక్క ఏళ్లు ఎంతమంది తండ్రుల్ని నేను ఆ మాట అని ఉంటాను! వెనక్కి వచ్చి కూర్చున్నాను. ఆ అమ్మాయి పాపం బాగానే వేసింది గానీ వాళ్లు కొట్టారు. 5-3తో ఓడిపోయాం.

మ్యాచ్ అయ్యాక ఆ అబ్బాయి నా దగ్గరికే వచ్చి కూర్చున్నాడు, సంజాయిషీకి కాదు, పుస్తకం రాసుకోవడానికి. నేనే అడిగాను. లిటిల్ లీగ్ నిబంధన ప్రకారం పదకొండు, పన్నెండేళ్ల పిల్లలు రోజుకి 85 దాకా వేయొచ్చు. 66 గానీ అంతకంటే ఎక్కువ గానీ వేస్తే నాలుగు రోజులు విశ్రాంతి, 36 నుంచి 50 అయితే రెండు రోజులు. ఇక్కడ మొదటి ఏడాది పిల్లలకి వీళ్లే 50కి కుదించారు. బంతిని గాల్లో వంకర తిప్పే కర్వ్ ఈ వయసులో నేర్పరు. నేరుగా వేగంగా వెళ్లేది, అదే చేతి ఊపుతో నెమ్మదిగా వెళ్లేది, ఈ రెండే. "ఎదిగే పిల్లల ఎముక కొసలు ఇంకా గట్టిపడి ఉండవు సార్. మోచేతి లోపలి పక్క ఉండేది పచ్చి కొమ్మ మాదిరి. వేసినప్పుడల్లా ఆడ లాగుతాది. నొప్పి తెలిసేటప్పటికి ఆలస్యమైపోయుంటాది" అన్నాడు.

టామీ జాన్ అనే పిచర్ సంగతి కూడా పిల్లలకి చెప్పాడట, ఆ రాత్రి అన్నం తింటూ మా వాడే నాకు చెప్పాడు. మోచేతిలో నరం లాంటిది (లిగమెంట్) తెగిపోతే, 1974లో ఫ్రాంక్ జోబ్ అనే డాక్టరు రెండో చేతి నుంచి తీసిన స్నాయువుతో దాన్ని మళ్లీ కట్టాడు. అంతకుముందు అలా చేసి ఆటలోకి తెచ్చినవాళ్లు లేరు. ఏడాదిన్నర ఆగి, 1976లో మళ్లీ దిగి 1989 దాకా ఆడాడు. ఆ ఆపరేషన్‌కి ఇప్పటికీ అతని పేరే. "తాతా, ఆయన కూడా లెఫ్టే" అన్నాడు మా వాడు, అదేదో చుట్టరికం అయినట్టు.

నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఒక పిల్లాడు గుర్తొచ్చాడు. తొంభైల్లో, మా స్కూల్లో తొమ్మిదో తరగతి. క్రికెట్ బాల్ త్రోలో వాడిని కొట్టేవాడు మండలంలో లేడు. జోనల్స్‌కి నెల ముందు నుంచి రోజూ సాయంత్రం వంద త్రోలు వేయించాను. లెక్క నేనే పెట్టేవాణ్ణి, వంద తగ్గకుండా చూడ్డానికి. మోచెయ్యి నొప్పి అంటే బామ్ రాసి, "మగపిల్లోడివి, నొప్పేందిరా" అన్నాను. జోనల్స్ రోజు వాడి చెయ్యి పూర్తిగా చాచుకోలేదు. నాలుగో స్థానం వచ్చింది. మొన్నామధ్య ఒక పెళ్లిలో కనిపించాడు, ట్రాక్టర్ల మెకానిక్ షాపు ఉంది, బాగానే ఉన్నాడు. "సార్, నమస్కారం" అని దండం పెట్టాడు. కుడి మోచెయ్యి ఇప్పటికీ చివరి దాకా సాగదు. వాడు దాని ఊసే ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

తర్వాత బుధవారం ఆ అబ్బాయికి సారీ చెప్పాను. "ఏం సార్ మీరు" అని నవ్వేశాడు. ఇప్పుడు అప్పుడప్పుడూ అతను వేరే పిల్లల దగ్గర ఉన్నప్పుడు కౌంటర్ నా చేతికిస్తాడు. రెండుసార్లు ఒకటి అటూ ఇటూ అయింది, ఒప్పుకుంటాను.

ఈ అబ్బాయికి నా మార్కులు పదికి తొమ్మిదిన్నర. ఆ అర ఎందుకు తగ్గిందంటే, పుర్రచేతి వాళ్లని షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడేవాడు), మూడో బేస్, క్యాచర్‌గా ఎందుకు పెట్టరో మా వాడు అడిగితే మొదట "పెట్టరంతే" అని వదిలేశాడు. వీడు ఇంటికొచ్చి ఏడ్చాడు. నేను వెళ్లి అడిగాకే ఎర్రమట్టిలో పుల్లతో గీసి చూపించాడు. మూడో బేస్ దగ్గర బంతి పట్టిన ఎడమచేతివాడు మొదటి బేస్‌కి విసరాలంటే ఒళ్లంతా తిప్పుకోవాలి, ఆలోపు పరుగు పూర్తవుతుంది. అదే మొదటి బేస్ దగ్గర వీడికే సులువు. పిల్లాడికి ఆ బొమ్మ మొదటిరోజే గీసి ఉంటే సరిపోయేది.

ఆరు నుంచి ఎనిమిదేళ్ల పిల్లల బ్యాచ్ చూసే మేడం గురించి తక్కువే రాస్తున్నాను, మా వాడు ఆ బ్యాచ్ కాదు కాబట్టి. యూనివర్సిటీ సాఫ్ట్‌బాల్ ఆడినావిడ. బంతిని స్టాండ్ మీద పెట్టి కొట్టిస్తుంది. ఎవరి వంతు కోసం ఎవరూ ఖాళీగా నిలబడి ఉండరు. నలుగురికి ఒక స్టాండ్, ఒకరు కొడితే ముగ్గురికీ ఏదో పని. చిన్నపిల్లల క్లాసులో లైను పొడుగ్గా ఉంటే ఆ కోచ్‌కి పని రాదని అర్థం. నేనూ సాఫ్ట్‌బాల్ టీముల్ని తయారుచేసినవాణ్ణే, ఆవిడ దగ్గర నేర్చుకోవాల్సింది నాకు చాలా కనిపించింది. మీ పిల్లలది ఆ వయసైతే ఆలోచించకుండా చేర్పించండి.

ఇక ఫిర్యాదులు.

సెప్టెంబర్‌లో బ్యాటింగ్ నేర్పే పాత కోచ్ మానేశాడు. అతని బదులు ఒక కాలేజీ కుర్రాణ్ణి పెట్టారు. మంచి ఆటగాడే, కొడితే బంతి కాంపౌండ్ దాటుతుంది. కానీ పిల్లలకి బ్యాట్లిచ్చి తను ఫోన్ చూసుకుంటాడు. ఒక శనివారం హెల్మెట్లు లేకుండా, ఒకడికొకడు ఆరడుగుల దూరంలో నిలబడి అయిదుగురు ఒకేసారి బ్యాట్లు ఊపుతున్నారు. గట్టు మీద నుంచి అరిచాను. వినేలోపే ఒకడి చేతిలో బ్యాటు జారి పక్కవాడి మోకాలి కింద తగిలింది. వాచింది, ఎముకకి ఏం కాలేదు, అదృష్టం. ఆ పిల్లాడి తల్లి గుంటూరావిడ, "మాస్టారూ, మీరు చూశారుగా, చెప్పండి" అని నన్ను సాక్షిగా ఆఫీసుకి తీసుకెళ్లింది. రెండు వారాల తర్వాత ఆ కుర్రాడు కనిపించలేదు. హెల్మెట్ లేనిదే బ్యాటు ముట్టుకోకూడదని, ఊపేవాడి చుట్టూ సున్నంతో వలయం గీయాలని పెట్టారు. అదంతా బాగుంది. కానీ గ్రూపులో తల్లిదండ్రులకి ఒక్క ముక్క రాయలేదు. "కొన్ని మార్పులు చేశాం" అని మాత్రం పెట్టారు. తప్పు జరిగింది అని రాస్తే మేమెవరం మాన్పించేవాళ్లం కాదు.

ప్రకటనలో "అమెరికన్ కోచ్‌తో ఆరు సెషన్లు" అని ఉంటుంది, నమ్మి చేరొద్దు. మాకు జరిగినవి రెండు. అవీ వీడియోలో, రాత్రి ఏడింటికి, స్కూలు క్లాసురూములో ప్రొజెక్టర్ పెట్టి. ఆయన చెప్పింది మంచి విషయమే, బంతి కుట్ల మీద వేళ్లు అడ్డంగా ఎలా పెట్టాలో చక్కగా చూపించాడు. కానీ నెట్ ఆగి ఆగి వస్తుంటే సగం మంది పిల్లలు బెంచీల మీద నిద్రపోయారు. మిగతా నాలుగు ఎప్పుడని అడిగితే "వచ్చే నెల" అంటున్నారు, అక్టోబర్ నుంచీ.

వానల్లో ఏడు క్లాసులు పోయాయి, మూడే మళ్లీ పెట్టారు. ఎర్రమట్టి గ్రౌండ్ కాబట్టి రాత్రి వాన పడితే పొద్దునకి బురదే, అది వాళ్ల తప్పు కాదు. క్లాసు లేదన్న మెసేజ్ ఆరుంపావుకి పెట్టడం మాత్రం వాళ్ల తప్పే, అప్పటికి నేను వర్తూరు చెరువు దగ్గర ఉంటాను. బాత్రూమ్ ఒకటే, తాళం వాచ్‌మన్ దగ్గర, వాచ్‌మన్ టీకి వెళ్లి ఉంటాడు. అమ్మాయిలున్న తల్లిదండ్రులు ఇది ముందే అడగండి.

డబ్బు సంగతి: మూడు నెలలకి 14,400. చేరేటప్పుడు 2,000 వేరే, అది తిరిగి రాదు. రెండు టీషర్టులు తప్పనిసరి. బ్యాట్లు, హెల్మెట్లు వాళ్లవే. గ్లవ్ మాత్రం మనం కొనుక్కోవాలి, వాళ్ల దగ్గర 3,600. మేం జలంధర్‌లో తయారైనది ఆన్‌లైన్‌లో 2,100కి తెప్పించాం. పుర్రచేతి పిల్లల తల్లిదండ్రులకి ఒక మాట: "లెఫ్ట్ హ్యాండ్ గ్లవ్" అని వెతికితే ఎడమచేతికి వేసుకునేది వస్తుంది, అది కుడిచేతి వాటం వాళ్లది. "లెఫ్ట్ హ్యాండ్ త్రో" అని రాసి ఉన్నది చూసి కొనండి. మాకు మొదటిది తప్పుది వచ్చి వెనక్కి పంపాల్సొచ్చింది. కొత్త గ్లవ్ గట్టిగా ఉంటుంది, మధ్యలో బంతి పెట్టి తాడుతో కట్టి రాత్రంతా పరుపు కింద ఉంచాలి. నా వీపు కిందే ఉంది వారం రోజులు.

వారం తిరక్కుండా కప్పు తేవాలనుకునేవాళ్లకి ఈ చోటు నచ్చదు. పిల్లాడు బాగా ఆడుతుంటే ఆపేస్తారు, గెలిచే మ్యాచ్ ఓడిపోతారు, బుధవారం పుస్తకం తెరిచి "నీకింకా రేపటిదాకా లేదు" అంటారు. మా అల్లుడు ఇప్పటికీ ఆ సంక్రాంతి మ్యాచ్ గురించి మాట్లాడితే మొహం చిట్లిస్తాడు.

మొన్న శుక్రవారం తర్వాతి మూడు నెలల ఫీజు కట్టాను. రసీదు అడిగితేనే ఇస్తారు, అడిగి తీసుకోండి. పొద్దున క్లాసుకి గట్టు మీద ఎనిమిదింటిదాకా నీడ ఉంటుంది, ఆ తర్వాత వేపచెట్టు కిందకి జరగాలి. అక్కడ ఒక ప్లాస్టిక్ కుర్చీ ఉంటుంది, అది నేను ఇంటి నుంచి తెచ్చుకున్నది.